నింజా నవ్విస్తాడు... తనకే తెలియకుండా!

అతనో నింజా. నడిస్తే ఎండుటాకు కూడా చప్పుడు చేయకూడదు. కత్తి తిప్పితే గాలి రెండుగా చీలాలి. మూడు ముక్కలైన ఓ బంగారు బొమ్మ కోసం తలలు తెగే గొడవ జరుగుతోంది. కనుబొమలు ముడిపడ్డాయి. అర్జెంటుగా ఒక మనిషితో మాట్లాడాలి. చేయి చాచి ఫోన్ అందుకున్నాడు.

ఆ ఫోన్... పిల్లి బొమ్మ!

నారింజ రంగు ఒళ్లు, నల్లచారలు, బద్ధకం నిండిన మొహం. గార్ఫీల్డ్ అనే కార్టూన్ పిల్లి అది. వీపు భాగమే రిసీవర్. ఎత్తితే పిల్లి కళ్లు తెరుస్తుంది, పెట్టేస్తే మూసుకుంటుంది. చిన్నపిల్లల గదిలో ఉండాల్సిన ఆ వస్తువును చెవికి ఆనించుకుని, మీసాల పెద్దమనిషి చావుబతుకుల సంగతి మాట్లాడుతుంటాడు. పెదవి మీద చిరునవ్వు లేదు. పక్కనున్నవాళ్లూ నవ్వరు. కెమెరా వెనకున్నవాళ్లూ నవ్వినట్టు లేరు. మిగిలింది చూసేవాళ్లే. వాళ్లు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతారు.

సినిమా పేరు 'నింజా టెర్మినేటర్'. 1985లో హాంకాంగ్ కంపెనీ తీసింది. హాస్యచిత్రం కాదు. ఒట్టు... ముమ్మాటికీ కాదు. శత్రువుల బెదిరింపు సందేశాన్ని ఓ ఆటబొమ్మ రోబో మోసుకొచ్చినా సరే, ఇది పరమ సీరియస్ సినిమానే. 1980లలో ఇలాంటివి పదుల కొద్దీ వచ్చాయి. ప్రపంచమంతా తిరిగాయి. ఎవర్నీ భయపెట్టలేదుగానీ నలభై ఏళ్లుగా నవ్విస్తూనే ఉన్నాయి. ఎందుకంత నవ్వు? ఆ నవ్వు ఎవరి మీద? ఈ ప్రశ్నలకు జవాబు కోసం జపాన్ వెళ్లాలి, హాంకాంగ్ వెళ్లాలి. చివరికి చిత్తూరు జిల్లా ఐరాల మండలానికి కూడా రావాలి!

కనిపించకూడనివాడు

నింజాలు కల్పన కాదు. జపాన్ చరిత్రలో నిజంగానే ఉన్నారు. అప్పట్లో షినోబి అనేవారు. ఇగా, కోగా అనే కొండ ప్రాంతాలు వాళ్లకు పేరుపడ్డ చోట్లు. సామంతులు ఒకరినొకరు కబళించుకునే రోజుల్లో శత్రువు కోటలోకి చొరబడటం, గుట్టు తెలుసుకోవడం, అవసరమైతే నిప్పుపెట్టి రావడం వాళ్ల పని. ఆ విద్యలన్నిటినీ 1676లో 'బన్‌సెన్‌షూకాయ్' పేరుతో గ్రంథంగా కూర్చారు.

అయితే నిజమైన గూఢచారి నల్లముసుగు వేసుకుని తిరగడు. పట్టపగలు ఆ వేషంలో సంతకు పోతే మొదట పట్టుకునేది అతన్నే. అందుకే రైతులా, వర్తకుడిలా, సన్యాసిలా తిరిగేవారు. మరి నల్లబట్టలు ఎక్కడివి? జపాన్ వాళ్ల కబుకి నాటకాల నుంచి వచ్చాయంటారు. అక్కడ ఆట జరుగుతుండగానే వేదిక మీద సామాన్లు మార్చే మనుషులుంటారు. తల నుంచి కాలి దాకా నల్లటి బట్టలు. 'వీళ్లు మీకు కనిపించరు' అన్నది నాటకానికీ జనానికీ మధ్య ఒప్పందం. చూసీ చూడనట్టు ఊరుకోవాలి. అలా 'లేని' మనిషి హఠాత్తుగా కత్తి దూసి పాత్రధారిని పొడిస్తే? హాలంతా ఉలిక్కిపడుతుంది. అలా నలుపు నింజా రంగయిందని ఒక వాదన.

ఇంత తెలివైన వేషాన్ని సినిమావాళ్లు ఏం చేశారో చూడండి. ఎర్ర నింజా. పసుపు నింజా. తెల్ల నింజా. పచ్చటి అడవిలో దాక్కోవాల్సినవాడికి నిగనిగలాడే ఎర్ర బట్టలు! ఐరాల చుట్టుపక్కల చెరకు తోటలో ఆ బట్టలేసుకుని నక్కితే, గట్టు మీద మేకలు కాసుకునే పిల్లాడు కూడా 'ఎవురబ్బా అది?' అని కేకేస్తాడు. అది చాలదన్నట్టు నుదుటికి ఒక పట్టీ. దాని మీద ఇంగ్లిషు అక్షరాల్లో 'నింజా' అని రాసి ఉంటుంది. దొంగ తన నుదుటి మీద 'దొంగ' అని రాసుకుని కన్నం వేయడానికి బయల్దేరినట్టు!

ముసుగులో లాభం

ఈ పిచ్చి మొదలైంది హాంకాంగ్‌లో కాదు. 1967లో జేమ్స్‌బాండ్ సినిమా 'యూ ఓన్లీ లివ్ ట్వైస్'లోనే నింజాలు కనిపించారు. 1980లో ఎరిక్ వాన్ లస్ట్‌బాడర్ రాసిన 'ది నింజా' నవల అమెరికాలో జోరుగా అమ్ముడైంది. దాంతో కానన్ ఫిలింస్ కంపెనీ రంగంలోకి దిగింది. ఇజ్రాయెల్ నుంచి వెళ్లిన మెనహెమ్ గోలన్, యోరామ్ గ్లోబస్ అనే దాయాదులు నడిపిన కంపెనీ అది. తక్కువ ఖర్చు, ఎక్కువ సినిమాలు వాళ్ల సూత్రం.

1981లో 'ఎంటర్ ది నింజా' వచ్చింది. పేరు వింటేనే 'ఎంటర్ ది డ్రాగన్' (1973) గుర్తొస్తుంది కదా... రావాలనే పెట్టారు. హీరో ఇటలీ నటుడు ఫ్రాంకో నీరో. కౌబాయ్ సినిమా 'జాంగో' (1966)తో పేరు తెచ్చుకున్నాడు. గుర్రం ఎక్కడం వచ్చు, తుపాకీ పేల్చడం వచ్చు. కరాటే మాత్రం రాదు! అయినా ఇబ్బంది లేదు. ముసుగు కట్టేశాక లోపల ఎవరుంటే ఏం? కష్టమైన ఫైట్లకు కరాటే వీరుడు మైక్ స్టోన్ డూపు చేశాడు.

చవక సినిమాలవాళ్లకు నింజా ఎందుకంత నచ్చాడో ఇక్కడే తెలిసిపోతుంది. ముసుగుంటే పెద్ద నటుడు అక్కర్లేదు. పది మంది ఫైటర్లుంటే చాలు... వంద మందిని చంపొచ్చు. చచ్చినవాడు లేచి, పట్టీ మార్చుకుని మళ్లీ వచ్చి చస్తాడు. మాయమవడం కావాలా? పొగ వదిలి, కెమెరా ఆపి, మనిషిని పక్కకు తప్పించి, మళ్లీ తిప్పితే సరి. ఫ్రాన్సులో జార్జి మెలియె 1896లోనే తెర మీద చేసి చూపించిన గారడీ అది. దానికి పెద్ద సెట్లు అక్కర్లేదు. ఒక పార్కు, నాలుగు చెట్లు, కాస్త పొగ ఉంటే చాలు.

నవ్వు కూడా ఆ పొగలోంచే మొదలైంది. కానన్ వాళ్లే 1984లో తీసిన 'నింజా 3: ది డామినేషన్' కథ వినండి. అమెరికాలో టెలిఫోన్ లైన్లు బాగుచేసే అమ్మాయి. ఖాళీ వేళల్లో ఏరోబిక్స్ నేర్పుతుంది. పోలీసుల తూటాలకు చచ్చిపోయిన ఓ దుష్ట నింజా ఆత్మ ఆమెలో దూరుతుంది. అంటే... నింజా పూనకం! తిరుపతి గంగమ్మ జాతర చూసినవాళ్లకు పూనకం కొత్తేమీ కాదు. కానీ వేపమండ ఇచ్చి, 'ఎవురమ్మా నువ్వు, ఏం గావాల?' అని అడిగేవాళ్లు అమెరికాలో ఎక్కడ దొరుకుతారు? భూతవైద్యుడొస్తాడు, కట్టేస్తాడు, మంత్రాలు చదువుతాడు. ఫలితం సున్నా. నింజాని చంపగలిగింది ఇంకో నింజా మాత్రమేనట. ముల్లును ముల్లుతోనే తీయాలని మన ముసలవ్వలు చెప్పిన మాటకు వాళ్లు గంటన్నర సినిమా తీశారు.

1985లో 'అమెరికన్ నింజా' వచ్చాక ఆ వరసలోనే 1993 దాకా మొత్తం ఐదు సినిమాలు వచ్చాయి. బ్రిటన్‌లో అయితే ఈ మాటంటేనే గుబులు పుట్టింది. పిల్లల కార్టూన్ 'టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్' అక్కడి టీవీలో రావాల్సినప్పుడు పేరులోంచి 'నింజా' తీసేసి 'హీరో' అని పెట్టారు. పిజ్జాలు తినే తాబేళ్లు పిల్లల్ని చెడగొడతాయనా? అలాంటి భయం వాళ్లది!

బొంత కుట్టిన సినిమా

ఈ గిరాకీని హాంకాంగ్‌లో ఒక కంపెనీ బాగా పసిగట్టింది. పేరు ఐఎఫ్‌డీ. యజమాని జోసెఫ్ లాయ్. దర్శకుడు గాడ్‌ఫ్రే హో. ఈ హో గాలికి తిరిగి దర్శకుడైనవాడు కాదు. హాంకాంగ్‌లో పెద్ద పేరున్న షా బ్రదర్స్ స్టూడియోలో, చాంగ్ చే అనే మహా దర్శకుడి దగ్గర పనిచేశాడు. తర్వాత ప్రపంచ ప్రసిద్ధుడైన జాన్ వూ కూడా ఆ గురువు దగ్గర శిష్యరికం చేసినవాడే. ఒకే బడి. ఒకే పలక. దారులు మాత్రం వేరయ్యాయి.

అది వీడియో క్యాసెట్ల కాలం. అద్దె షాపులకు వారం వారం కొత్త సరుకు కావాలి. అట్ట మీద ముసుగు మనిషి, చేతిలో కత్తి, పేరులో 'నింజా' ఉంటే చాలు. లోపలేముందో చూసేసరికి డబ్బు చేతులు మారిపోయి ఉంటుంది. దాంతో హో బృందం ఓ చిట్కా కనిపెట్టింది.

మన పల్లెల్లో బొంత ఎలా కుడతారు? పాత చీరలు తీసుకుని, మడతలు పేర్చి, మీద రంగురంగుల గుడ్డముక్కలు అతికి, పెద్ద పెద్ద కుట్లు వేస్తారు. అచ్చం అదే! కొరియాలోనో, థాయ్‌లాండ్‌లోనో, ఫిలిప్పీన్స్‌లోనో, తైవాన్‌లోనో ఎవరూ పట్టించుకోని సినిమా హక్కులు చవగ్గా కొంటారు. అది ప్రేమకథ కావచ్చు, రౌడీల కథ కావచ్చు. దాన్ని ముక్కలు కోస్తారు. హాంకాంగ్‌లో ఓ తెల్లవాడికి నింజా బట్టలేసి కొద్ది రోజుల్లో కొన్ని సీన్లు తీస్తారు. రెండూ అతికించి, మాటలన్నీ ఇంగ్లిషులో కొత్తగా రాసి డబ్బింగ్ చెప్పిస్తారు. పాత సినిమాలో అన్నదమ్ముల గొడవ ఇప్పుడు నింజా సామ్రాజ్యం కుట్ర అయిపోతుంది! ఒక సినిమా షూటింగులో తీసిన ముక్కలు మరో రెండు మూడు సినిమాలకు కూడా వాడుకోవచ్చు. నేపథ్య సంగీతం? పేరున్న విదేశీ పాటగాళ్ల రికార్డుల్లోంచి అడగకుండానే ఎత్తేస్తారు.

ఇప్పుడు పిల్లి ఫోన్ రహస్యం తెలిసిందా? 'నింజా టెర్మినేటర్'లో ఫోన్ చేసే తెల్ల హీరో ఉన్నది హాంకాంగ్‌లో కొత్తగా తీసిన ముక్కలో. అవతల మాట్లాడే జాగ్వార్ వాంగ్ ఉన్నది దక్షిణ కొరియా సినిమాలో. ఇద్దరూ ఒక్కసారైనా ఒకే ఫ్రేములో కనిపించరు. ఎలా కనిపిస్తారు? వేర్వేరు సినిమాల్లో ఉన్నారు మరి! రెండు కథల్నీ కలపడానికి ఉన్న ఒకే ఒక్క దారి ఫోను. బొంతకు సూది దారం అదే. ఆ సూది కాస్త పిల్లి ఆకారంలో ఉండటం మన అదృష్టం.

ఫోను దొరకనప్పుడు చూపుతో కుడతారు. ఇతను చెట్టుచాటు నుంచి తొంగిచూస్తాడు. తర్వాతి షాట్‌లో వేరే దేశంలో, వేరే ఏడాదిలో, వేరే రంగు ఫిల్ములో ఎవరో నడిచిపోతుంటారు. ఇక్కడ మిట్టమధ్యాహ్నం, అక్కడ సాయంత్రం. ఇక్కడ చొక్కా, అక్కడ స్వెట్టరు. పెదవులు ఆగిపోయాక కూడా మాట వినిపిస్తూ ఉంటుంది.

చిత్తూరు లాంటి పట్టణాల్లో ఉదయం ఆటకు ఇంగ్లిషు ఫైటింగ్ సినిమాలు వేసే రోజులవి. పండగకో, పెళ్లికో టీవీ, డెక్కు అద్దెకు తెచ్చి తెల్లవార్లూ క్యాసెట్లు తిప్పే రోజులు కూడా. ఐరాల వంటి మండల కేంద్రాల దాకా విదేశీ ఫైటింగ్ సినిమాలు వచ్చింది ఈ దారుల్లోనే. మాటలు అర్థం కావాల్సిన పనేలేదు. తన్ను ఏ భాషలోనైనా తన్నే. జనం మధ్యలో కూర్చుని వ్యాఖ్యానం చెప్పేవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. 'ఒరే, ఆ ఎర్రగుడ్డలోడు ఇందాకే సచ్చిపోయినాడు గదరా, మళ్లా యాడ్నించి వచ్చినాడు?' అంటే చాప మీద కూర్చున్నవాళ్లంతా గొల్లుమంటారు. సినిమాలో లేని హాస్యనటుడు సినిమా చూసేచోట ఉంటాడన్నమాట!

తపస్సు మాను చూసి నవ్వరెందుకు?

ఇక్కడో చిక్కు ప్రశ్న. చవగ్గా చేసినందుకే నవ్వొస్తుందా? అలాగైతే చిత్తూరు ప్రాంతంలో ఏటా జరిగే భారతం ఉత్సవాలు చూసి కూడా నవ్వాలి కదా?

ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో ఎండాకాలం వస్తే భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. రోజుల తరబడి సాగుతుంది. అర్జునుడు పాశుపతం కోసం తపస్సుకు పోయే రోజు ఊరంతా అక్కడే. ఆరుబయట పాతిన ఎత్తయిన మానే హిమాలయం. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుతూ మెట్టు మెట్టుగా దాన్నెక్కుతాడు. పైనుంచి విసిరే నిమ్మకాయలు, పూల కోసం కింద ఆడవాళ్లు కొంగు పట్టి నిలబడతారు. ఆఖర్న దుర్యోధన వధ. నేల మీద పడుకోబెట్టినట్టు మట్టితో చేసిన భారీ దుర్యోధనుడు. భీముడి వేషగాడు గద పట్టుకుని తరుముతాడు. తొడ మీద దెబ్బ పడగానే ఎర్రనీళ్లు... ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది.

ఖర్చు లెక్క చూస్తే మాను, మట్టి, రంగు. అట్టకిరీటం. ఎవరూ నవ్వరు. చేతులెత్తి మొక్కుతారు. ఎందుకంటే ఆ మాను 'నేను నిజంగానే మంచుకొండని' అని ఎవర్నీ నమ్మించాలని చూడదు. 'ఇది మానే, మీరు కొండ అనుకోండి' అంటుంది. జనం 'సరే' అంటారు. జపాన్ నాటకంలో నల్లబట్టల మనిషికీ జనానికీ ఉన్న ఒప్పందం లాంటిదే ఇది. మాను కనిపించడం తప్పు కాదు. అది అందరికీ తెలిసిన సంగతే!

హాంకాంగ్ బొంత సినిమాల్లో ఆ ఒప్పందం లేదు. రెండు సినిమాల్ని ఒకే సినిమా అని నమ్మించాలని చూస్తారు. కుట్టు దాచాలనుకుంటారు. దాగదు. దాచాలనుకున్నది బయటపడినప్పుడే నవ్వొస్తుంది. పెళ్లిలో పెద్దరికంగా నడుస్తున్న మామగారి పంచె జారినట్టు. పంచె లేకపోవడంలో హాస్యం లేదు. గోచి కట్టుకున్నవాణ్ని చూసి ఎవరు నవ్వుతారు? పెద్దరికం ఉండాలి. అది జారాలి.

డబ్బుంటే పంచె జారదా? జారుతుంది! 2003లో వచ్చిన 'పల్నాటి బ్రహ్మనాయుడు' చిన్న బడ్జెట్ సినిమా కాదు. తొడగొడితే రైలు వెనక్కి వెళ్లిపోయే ఆ సీను మీద ఇప్పటికీ జోకులు ఆగలేదు. దర్శకుడు వీరరసం అనుకున్నాడు. జనానికి హాస్యరసం అందింది. వండినవాడి ఉద్దేశం ఒకటి, తిన్నవాడి నాలుక ఇంకొకటి.

విఠలాచార్య మార్గం

చవకలో కూడా జనంతో ఒప్పందం చెడకుండా చూసుకున్న మనిషి మన దగ్గరే ఉన్నాడు. ఆయనే జానపద బ్రహ్మ బి.విఠలాచార్య. కర్ణాటకలోని ఉడిపి దగ్గర ఉద్యావరలో 1920లో పుట్టారు. తెలుగులో దర్శకుడిగా స్థిరపడి, 1999లో కన్నుమూసేదాకా పొదుపుకు మారుపేరుగా బతికారు. ఎన్టీఆర్‌తో 'బందిపోటు' (1963), 'అగ్గిపిడుగు' (1964) తీసినా, 'కత్తి' కాంతారావుతో తీసినా లెక్క తప్పేవారు కాదు. వేసిన సెట్టును రంగు మార్చి మళ్లీ వాడేవారు.

ఆయన గురించి సినిమా జనం చెప్పుకునే కథ ఒకటుంది. ఏ నటుడైనా డేట్ల దగ్గరో, డబ్బు దగ్గరో పేచీ పెడితే ఆచార్యగారు కోప్పడేవారు కారట. కథలో ఓ ముని చేత శాపం పెట్టించేవారట. ఆ పాత్ర చిలకో, మేకో అయిపోతుంది. మిగతా సినిమా చిలకతో కానిచ్చేస్తారు. చిలకకు కాల్షీట్ల గొడవ ఉండదు కదా! నిజమో కాదోగానీ, ఆయన సినిమాలు చూసినవాళ్లెవరూ దీన్ని నమ్మకుండా ఉండరు.

'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్‌లీ కెమెరా మాయకు కుట్టు ఎక్కడుందో వెతికినా దొరకదు. విఠలాచార్య మాయకు దొరుకుతుంది. అస్థిపంజరం ఆడుతుంటే తీగ ఉంటుందని తెలిసిపోతుంది. అయినా 'జగన్మోహిని' (1978)లో దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వంట చేస్తుంటే హాలు హాలంతా ఒకేసారి కెవ్వుమంది, నవ్వింది, ఈల వేసింది. మూడూ కలిసే వచ్చాయి. ఆ చవకదనం ఆయనదే. ఆ కల్పన కూడా ఆయనదే. ఇంకొకడి సినిమా కోసి తెచ్చింది కాదు. ప్రేక్షకుడు ఇచ్చిన టికెట్టు డబ్బుకు దయ్యం కావాలన్నాడు... దయ్యం ఇచ్చారు. నేల టికెట్టువాడు మోసపోయాననుకోలేదు.

మరి కావాలనే ఇలా తీస్తే? 2014లో సంపూర్ణేష్‌బాబు 'హృదయ కాలేయం' అదే చేసింది. తెలుగు హీరోయిజాన్ని కావాలనే గాలి నింపి పెద్దది చేసి చూపింది. జనం బాగానే నవ్వారు. కానీ ఆ నవ్వు రుచి వేరు. అక్కడ తీసినవాడు మనకు కన్నుకొడుతుంటాడు. 'చూశావా, ఎంత వెర్రిగా చేశానో' అంటాడు. హో సినిమాలో ఎవరూ కన్నుకొట్టరు. పిల్లి ఫోన్ పట్టుకున్న పెద్దమనిషి ఆఖరి దాకా చెమటోడ్చి నటిస్తాడు. తెలియక చేసిన హాస్యాన్ని తెలిసి చేయడం ఎంత గొప్ప హాస్యగాడికైనా కష్టమే.

కాణిపాకంలో ప్రమాణం

ఐరాల మండలం అనగానే రాష్ట్రమంతటికీ గుర్తొచ్చేది కాణిపాకం. బావిలో వెలసిన వరసిద్ధి వినాయకుడు. ఆ స్వామి ముందు అబద్ధం ప్రమాణం చేయడానికి ఎవరైనా జంకుతారని నమ్మకం. 'కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?' అన్న సవాలు పల్లె తగాదాల నుంచి రాజకీయ సభల దాకా వినిపిస్తుంది.

ఈ నింజా సినిమాల లెక్క తేలాలన్నా అలాంటి చోటే కావాలి. పిల్లి ఫోన్ పట్టుకున్న ఆ నటుడి పేరు రిచర్డ్ హారిసన్. అమెరికన్. 1960లలో ఇటలీలో వీరగాథా చిత్రాలకు, కౌబాయ్ సినిమాలకు హీరో. 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' (1964)లో వేషం మొదట ఆయన దగ్గరకూ వచ్చింది. వద్దన్నారు. క్లింట్ ఈస్ట్‌వుడ్ అనే కుర్రాడున్నాడు, గుర్రం బాగా ఎక్కుతాడు, అతన్ని తీసుకోండన్నారు. సినిమా రంగానికి తాను చేసిన గొప్ప సేవ బహుశా అదేనని తర్వాత ఆయనే నవ్వుతూ చెప్పుకున్నారు. ఆ డాలర్ల సినిమాల గాలే మద్రాసు దాకా వీచి, 1971లో కృష్ణ చేత 'మోసగాళ్లకు మోసగాడు'లో టోపీ పెట్టించింది. 2023లో కృష్ణ పుట్టినరోజుకు ఆ సినిమా మళ్లీ విడుదలైతే ఈలలు మోగాయి. ఆ లెక్కన ఐరాలలో కౌబాయ్ టోపీ పెట్టుకుని తిరిగిన కుర్రాళ్లకు కూడా హారిసన్ ఎంతో కొంత బాకీదారే!

అలాంటి మనిషి వయసు మళ్లాక హాంకాంగ్ వెళ్లి కొన్ని నింజా సినిమాలకు ఒప్పుకున్నారు. తీరా చూస్తే ఆయన మొహంతో డజనుకు పైగా సినిమాలు బజారులో తేలాయి. ఒకదానికి తీసిన ముక్కలు మరోదానికి అతికేశారు. తాను నటించానని తెలియని సినిమాల్లో కూడా ఆయన హీరో! పేరు పాడైందని ఆయన బాధపడ్డారు. 'ఇన్ని సినిమాలే చేశాను' అని ఏ దేవుడి ముందు ప్రమాణం చేసినా క్యాసెట్ షాపు నమ్మదు. అట్ట మీద బొమ్మ ఉంది కదా మరి.

హారిసన్‌కు కనీసం చెప్పుకోవడానికి పేరుంది. ఆ బొంతలో అడుగున పరిచిన చీరల సంగతేంటి? ఎక్కడో కొరియాలో ఓ దర్శకుడు కథ రాసుకున్నాడు. ఓ నటి ఏడ్చే సీను కోసం కష్టపడింది. ఫైటర్లు నిజంగానే మేడ మీంచి దూకారు, నిజంగానే దెబ్బలు తిన్నారు. హాంకాంగ్‌లో కత్తెర పడ్డాక కథ మారింది. పాత్రల పేర్లు మారాయి. గొంతులు మారాయి. టైటిల్స్‌లో వాళ్ల పేర్లకు బదులు ఎవరివో ఇంగ్లిషు పేర్లు వచ్చాయి. నవ్వుతూ చూసే మనకు తెరమీద కనిపించే నటుల్లో సగం మంది ఎవరో ఎప్పటికీ తెలియదు. గాడ్‌ఫ్రే హో కూడా ఒక పేరుతో ఉండలేదు. బోలెడు మారుపేర్లతో, వందకు పైగా సినిమాలకు దర్శకుడనిపించుకున్నాడు. తర్వాత హాంకాంగ్‌లో కుర్రాళ్లకు సినిమా పాఠాలు కూడా చెప్పాడు. విద్య లేక కాదు... గిరాకీ అలాంటిది.

భారతంలో అర్జునుడి వేషం కట్టినవాడి పేరు ఊరందరికీ తెలుసు. మాను ఎక్కి దిగాక పలకరించి, చదివింపులు చదివిస్తారు. ఫలానావాళ్లు ఇంత ఇచ్చారని పేరుపేరునా మైకులో చెబుతారు. అక్కడ కిరీటం అట్టదేగానీ లెక్క పక్కా. నింజా సినిమాల్లో జరిగింది దీనికి తలకిందులు.

అలాగని నవ్వడం మానేయాలా? అక్కర్లేదు. పిల్లి ఫోన్ చూసి నవ్వు ఆపుకోవడం మనిషి వల్ల కాదు. నుదుట పేరు రాసుకున్న గూఢచారిని చూసి నవ్వకపోతే ఆ పట్టీకే అవమానం. నవ్వండి, ఈలలేయండి, పక్కవాణ్ని పొడిచి చూపించండి. ఫోన్ పెట్టేశాక మాత్రం తెర మీద సీను మారుతుంది. వేరే రంగు ఫిల్ములో ఎవరో కుర్రాడు గాల్లోకి ఎగిరి, రెండు పల్టీలు కొట్టి, నేల మీద పడతాడు. తాడు లేదు, కంప్యూటరు మాయ లేదు. అతను పడింది నిజంగానే. ఆ సీను దగ్గర నవ్వు ఆపి, ఒక్క ఈల గట్టిగా వేయండి. అతని పేరు టైటిల్స్‌లో లేదు మరి.